యుద్ధం వెంటాడే మాజీ సైనికులకు యోగా మేలా, కుక్క తోడు మేలా?

అమెరికాలో యుద్ధం నుంచి తిరిగివచ్చి ఏళ్లు గడిచినా నిద్రలో ఉలిక్కిపడి లేచే మాజీ సైనికులకు, పీటీఎస్‌డీ (భయానక అనుభవం తర్వాత మనసును వదలకుండా వెంటాడే మానసిక రుగ్మత) ఉందని తేలితే, అక్కడి ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు మొదట సూచించేది మాటల చికిత్సనే. 2023 నాటి మార్గదర్శకాలు మందుల కంటే కూడా దానికే పెద్దపీట వేశాయి. కాని ఆ చికిత్సను తట్టుకోవడం అందరి వల్లా కాదు. అందులో ఒక పద్ధతి ప్రకారం రోగి కళ్లు మూసుకుని, ఆనాటి ఘటన ఇప్పుడే జరుగుతున్నట్టు పైకి చెప్పాలి. ఆ రికార్డింగును ఇంటి దగ్గర మళ్లీ మళ్లీ వినాలి. మధ్యలో మానేసిన వారిని పిరికివారనడం అన్యాయం. వారి ముందున్న దారుల్లో యోగా, ధ్యానం ఒకవైపు, శిక్షణ పొందిన కుక్క మరోవైపు ఉన్నాయి.

ఆధారాల బలం యోగా, ధ్యానాల వైపే ఎక్కువగా ఉంది. 2018లో 203 మంది మాజీ సైనికులపై వెలువడిన అధ్యయనంలో అతీంద్రియ ధ్యానం (మనసులో మంత్రం జపిస్తూ చేసే ట్రాన్సెండెంటల్ మెడిటేషన్), పైన చెప్పిన మాటల చికిత్సకు తీసిపోలేదని తేలింది. సైన్యంలో లైంగిక హింసకు గురైన 131 మంది మహిళలతో జరిపి 2023లో ప్రచురించిన మరో అధ్యయనంలో యోగా కూడా మాటల చికిత్సతో సమానమైన ఫలితమే ఇచ్చింది. పైగా యోగాను చివరిదాకా కొనసాగించినవారే ఎక్కువ. అయితే ఇది మనకు తెలిసిన యోగా తరగతి కాదు. మన దగ్గర గురువు వెనకనుంచి వచ్చి నడుము నొక్కి ఆసనం సరిచేస్తాడు. అక్కడ గురువు ఎవరినీ తాకరు. "వీలైతే చేయి ఎత్తి చూడండి, వద్దనిపిస్తే ఆపేయండి" అంటారు. తన ఒంటిపై తనకు అధికారం లేకుండా పోయిన మనిషికి ఆ ఎంపికే సగం మందు అని నా నమ్మకం.

కుక్క చేసే మేలు వేరు. యజమాని పీడకలతో మూలుగుతుంటే తట్టి లేపుతుంది, దుకాణం వరుసలో అతని వెనక నిలబడి అపరిచితులకు, అతనికి మధ్య ఎడం ఉంచుతుంది. అమెరికా ప్రభుత్వంలోని మాజీ సైనికుల వ్యవహారాల శాఖ 181 మందికి కుక్కలను ఇచ్చి పరిశీలించింది. ప్రత్యేక శిక్షణ పొందిన కుక్కలు దొరికినవారిలో లక్షణాలు, ఊరట కోసం పెంచుకునే మామూలు కుక్కలు దొరికినవారికంటే కాస్త ఎక్కువగా తగ్గాయి. జీవన నాణ్యతలో మాత్రం రెండు వర్గాలకూ తేడా కనిపించలేదు. శిక్షణకు వేల డాలర్లు ఖర్చవుతాయి, కుక్క చేతికొచ్చేసరికి చాలాకాలం పడుతుంది. 2021 ఆగస్టులో వచ్చిన చట్టం మరో దారి చూపింది: మాజీ సైనికులే కుక్కపిల్లలకు శిక్షణ ఇస్తారు, ఆ పనే వారికి చికిత్స అవుతుంది.

నన్ను అడిగితే, ఇంటి గడప దాటగలిగిన వారికి యోగాయే ముందు. గడప దాటలేక, కిరాణా కొట్టుకు వెళ్లాలన్నా వణికే మనిషికి కుక్కే మేలు, ఎందుకంటే తరగతికి చేరేదాకా తోడుండేది అదే. కుక్కకు దరఖాస్తు పెట్టినవారు ఎదురుచూసే కాలాన్ని వృథా చేయకుండా ఇంట్లోనే ధ్యానం మొదలుపెట్టవచ్చు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిన రోజున మాత్రం వీటిలో దేనికోసమూ ఆగకూడదు. అమెరికాలో 988కు ఫోన్ చేసి 1 నొక్కితే మాజీ సైనికుల కోసమే ఉన్న సలహాదారులు ఏ వేళనైనా మాట్లాడతారు.