ఏళ్ల తరబడి డబ్బు కట్టి వాడిన మ్యూజిక్ సర్వీస్‌ను ఎందుకు వదిలేశాను

ఏళ్లుగా నెలనెలా డబ్బు కడుతూ ఒకే మ్యూజిక్ సర్వీస్ వాడాను. ఈ మధ్యే ఆపేశాను. యాప్ పనిచేయక కాదు. వెతికిన పాట వెంటనే దొరికేది, ప్రకటనల గోల ఉండేది కాదు, ఫోన్‌లో ఆపిన పాట కంప్యూటర్‌లో అక్కడి నుంచే అందుకునేది. వాటి గురించి నాకు ఫిర్యాదేమీ లేదు.

నా బాధంతా ప్లేలిస్టుల గురించే. ఏ పాట తర్వాత ఏది రావాలో ఆలోచించి, మార్చి మార్చి పేర్చుకున్నాను వాటిని. కొంతకాలం పోయాక అక్కడక్కడా పాటల పేర్లు బూడిదరంగులోకి మారడం మొదలైంది. నొక్కినా మోగవు. లైసెన్స్ గడువు తీరినా, హక్కులు చేతులు మారినా ఇలా జరుగుతుంది. అది వ్యాపారం, అర్థం చేసుకోగలను. కానీ ఫలానా పాట తీసేస్తున్నామని ముందుగా ఒక్క మాట చెప్పరు. ఒక్కోసారి అదే పేరుతో పాట ఉంటుంది, తీరా వింటే ఎవరో మళ్లీ పాడిన వెర్షన్. నేను ప్రాణం పెట్టి విన్న గొంతు అందులో ఉండదు. అలా జరిగిన ప్రతిసారీ మనసు చివుక్కుమంది.

డౌన్‌లోడ్ చేసుకుంటే సరిపోతుంది కదా అంటారు. ఆ ఫైలుకి తాళం ఉంటుంది. ఆ యాప్‌లో తప్ప ఎక్కడా తెరుచుకోదు, చందా ఆగిన రోజున అదీ పోతుంది. స్పాటిఫైలో డౌన్‌లోడ్లు నిలవాలంటే కనీసం 30 రోజులకోసారి ఆన్‌లైన్‌కి రావాలన్నది నిబంధన. పాటలు విడివిడిగా అమ్మే యాపిల్ వాళ్ల ఐట్యూన్స్ స్టోర్ 2009లోనే తాను అమ్మే పాటలకు ఇలాంటి తాళం తీసేసింది. కొనుక్కున్న పాట మనదగ్గరే ఉండేది. చందా పద్ధతి వచ్చాక ఆ భరోసా పోయింది.

పాట రాసిందెవరో, వయొలిన్ వాయించిందెవరో తెలుసుకోవాలన్నా చాలా పాటలకు ఆ వివరాలుండవు. సంగీతం అమ్మే చోట సంగీతకారుల పేర్లు లేకపోవడం నాకు అస్సలు నచ్చని విషయం.

ఇక డబ్బు సంగతి. నేను కట్టింది నేను విన్నవాళ్లకే వెళ్తుందని చాలామందిలాగే నేనూ అనుకున్నాను. ఎక్కువ సర్వీసుల్లో అలా జరగదు. అందరి డబ్బూ ఒకచోట పోగేసి, మొత్తం వినికిడిలో ఎవరి వాటా ఎంతో చూసి పంచుతారు. నేను నెలంతా ఇద్దరు ముగ్గురు చిన్న కళాకారులనే విన్నా, నా డబ్బులో అధికభాగం నేనెప్పుడూ వినని పెద్ద పేర్లకే పోతుంది. పైగా 2024 నుంచి స్పాటిఫైలో, గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినని పాటకు రికార్డింగ్ రాయల్టీ (ఆ రికార్డింగ్ హక్కుదారులకు వినికిడిని బట్టి ఇచ్చే డబ్బు) ఇవ్వడం లేదు. ఇది నాకు అన్యాయంగా కనిపిస్తోంది. వేరే దారి లేదా అంటే ఉంది. సౌండ్‌క్లౌడ్ అనే మ్యూజిక్ సర్వీస్ 2021లో, శ్రోత డబ్బు ఆ శ్రోత విన్నవాళ్లకే చేరే పద్ధతిని స్వతంత్ర కళాకారుల కోసం మొదలుపెట్టింది.

ఇప్పుడు నచ్చిన ఆల్బమ్‌లను కొంటున్నాను. కళాకారులు తమ పాటలు అమ్ముకునే సైటు బ్యాండ్‌క్యాంప్‌లో కొంటే తాళం లేని, నాణ్యత తగ్గని ఎఫ్ఎల్ఏసీ ఫైలు వస్తుంది, కావలసినచోట కాపీ చేసి పెట్టుకోవచ్చు. 2020 మార్చి నుంచి కొన్ని శుక్రవారాల్లో ఆ సైటు తన కమిషన్ వదులుకుంటోంది కూడా. అన్నీ అక్కడ దొరకవు, పాత పాటలైతే మరీ కష్టం. వాటికోసం సీడీలు వెతుకుతున్నాను. రోజూ కొత్త పాటలు వింటూ, ఏదీ దాచుకోవాలని లేనివాళ్లకు చందా సర్వీసే సుఖం. వాళ్లను మానేయమని నేను చెప్పను.

మానేయాలనుకునేవాళ్లు మాత్రం రద్దు చేసేముందు ప్లేలిస్టులన్నిటినీ ఎక్కడైనా రాసిపెట్టుకోండి, గాయకుల పేర్లూ ఆల్బమ్ పేర్లతో సహా. లిస్టుల్ని ఇంకో సర్వీసుకి మార్చే టూల్స్ ఉన్నాయి కానీ, బూడిదరంగులోకి మారిన పాటలు వాటిలో జారిపోవచ్చు. ముందు ఆ పేర్లే రాసుకోండి.