ఇన్వెస్ట్ సాఫ్ట్‌వేర్: ఫ్రీనే గానీ రొయ్యల గుంటల దగ్గర జాగ్రత్త

పేరు చూసి షేర్ మార్కెట్ యాప్ అనుకునేరు, ఇది స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఉండే నేచురల్ క్యాపిటల్ టీమ్ (నాట్‌క్యాప్) వాళ్ళది, ఫ్రీ. ఇందులో నేను వాడిన మోడల్ పైన పొలాలు, అడవి, ఊళ్ళు మారితే కింద నీళ్ళలోకి నైట్రోజన్, ఫాస్ఫరస్ ఎంత దిగుతాయో మ్యాపు మీద చూపిస్తుంది. మా తిరుపతి జిల్లాలో సూళ్ళూరుపేట పక్కన పోయే కాళంగి పులికాట్‌లో కలుస్తుంది కదా, దాని మీదే పెట్టి చూశా.

ఎత్తుల మ్యాపు (ఇస్రో వాళ్ళ భువన్ సైట్‌లో కార్టోడెమ్ అనేది ఫ్రీగా దొరుకుతుంది), వాన మ్యాపు, ల్యాండ్ యూజ్ మ్యాపు (ఎక్కడ పొలం, ఎక్కడ అడవి, ఎక్కడ ఊరు అని), నది పరీవాహకం హద్దు అడుగుతుంది. మ్యాపులన్నీ దూరాన్ని మీటర్లలో కొలిచే ప్రొజెక్షన్‌లోనే, అంటే మనకి యూటీఎం 44 నార్త్ అనే దాంట్లో ఉండాల, లాట్ లాంగ్ డిగ్రీల్లో ఇస్తే ఒప్పుకోదు. మ్యాపులు చేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ కొంచెమైనా రాకుండా దీని జోలికి పోవద్దు సామీ.

అసలు తిరకాసు రొయ్యల గుంటలు. చాలామంది ఈజీగా దొరుకుతుందని యూరప్ స్పేస్ ఏజెన్సీ వాళ్ళ వరల్డ్‌కవర్ 10 మీటర్ల మ్యాపు వాడేస్తారు, అందులో రొయ్యల గుంటకని వేరే క్లాసే లేదు, గుంట కూడా చెరువు లెక్కన నీళ్ళ కిందికే పోతుంది, మనమేమో ఏ రకం నేల నుంచి ఎంత నైట్రోజన్, ఫాస్ఫరస్ వస్తుందో (లోడ్) నింపే టేబుల్‌లో నీళ్ళకి సున్నా వేస్తాం, ఇంకేముంది, మేత మిగిలి, పట్టుబడి అయ్యాక మురుగు వదిలే గుంటే అన్నిటికంటే శుభ్రమైన చోటుగా తేలుతుంది! శాటిలైట్ ఫోటో చూసి గుంటలన్నీ చేత్తో గీసి వేరే కోడ్ ఇస్తేగానీ మ్యాపుకి ఒక అర్థం రాలేదు. విసుగు పనే, తప్పదు.

ఇంకోటి, ఇది ఏడాది సగటు మాత్రమే చెప్తుంది. మనకి పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపల, అదీ తుఫాను పడితే రెండు మూడు రోజుల్లో అంతా కొట్టుకొచ్చేస్తుంది, ఆ దెబ్బ ఇందులో కనపడదు. పులికాట్ ముఖద్వారం ఇసుకతో పూడుకుంటే లోపల నీళ్ళు ఏమవుతాయో కూడా దీనికి తెలీదు, నీళ్ళ దాకా చేర్చి వదిలేస్తుంది.

కానీ ఇక్కడ వరి తీసి గుంటలు తవ్వితే ఎంత తేడా, గట్టున చెట్లు ఉంచితే ఎంత తగ్గుతుంది అని పోల్చి చూడటానికి మాత్రం సూపర్. కిలోల అంకెని మాత్రం రిపోర్టులో ఉన్నదున్నట్టు రాయొద్దు. 5కి 3.5 ఇస్తా, టేబుల్‌లోకి మన వరి పొలాల్లో కొలిచిన లెక్కలు దొరికుంటే 4 ఇచ్చేవాణ్ణి.