నాటుకోళ్లా, స్వర్ణధారా?

దొడ్డబళ్లాపుర వైపు కాస్త పొలం ఉండి, బెంగళూరు అపార్ట్‌మెంట్లకు ఆర్గానిక్ గుడ్లు వేద్దామనుకునే మనవాళ్లకు మొదటి తలనొప్పి ఇదే: నాటుకోళ్లు పెంచాలా, స్వర్ణధార అనే మెరుగుపరిచిన జాతి కోళ్లా?

గుడ్లు: నాటుకోడి ఏడాదికి 60-80 పెడుతుంది. బెంగళూరు హెబ్బాళలో రూపొందించిన స్వర్ణధార 180 దాకా.

మేత: అసలు ఖర్చు ఇక్కడే. నాటుకోడి పురుగూ ఆకూ ఏరుకుని చాలావరకు కడుపు నింపుకుంటుంది. స్వర్ణధారకు రోజూ లెక్కగా దాణా పడాలి. అదీ ఆర్గానిక్ మొక్కజొన్న, సోయా అంటే జేబుకు చిల్లే.

పిల్లలు: నాటుది తనే పొదుగుతుంది, అన్నాళ్లూ గుడ్లు బంద్. స్వర్ణధార పిల్లల్ని కొనాల్సిందే.

రాణీఖేత్ (కొక్కెర తెగులు) టీకా రెండింటికీ తప్పదు.

50 కోళ్లలోపు, ఇంటివాళ్లే చూసుకుంటూ, గుడ్డుకు మంచి ధర ఇచ్చే తెలిసినవాళ్లుంటే నాటువే మేలు. వారానికి ఇన్ని ట్రేలని మాటిచ్చేస్తే మాత్రం స్వర్ణధార. నాటుకోళ్లను నమ్ముకుని నెల గుడ్లకు ముందే డబ్బు తీసుకుంటే టెన్షనే.