కేబార్ కత్తి: పన్నెండేళ్ల వాడకం తర్వాత

ఈ కత్తి నాకు మా పెద్దమ్మ కొడుకు ఇచ్చాడు. అన్నయ్య అమెరికా మెరైన్ కోర్ అనే సైనిక విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. "దీన్ని ఎవరిమీదైనా వాడాల్సి వచ్చిందా అన్నయ్యా?" అని ఇచ్చిన రోజే అడిగాను. "లేదురా. పెట్టెలు తెరిచాను, తాళ్లు కోశాను, గుంటలు తవ్వాను. నా నడుముకి ఉన్నన్నాళ్లూ దీనికి అదే పని" అన్నాడు.

అసలు మెరైన్లు దీన్ని ఎంచుకున్నదే అలాంటి వాడకానికి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి మార్క్ 1 ట్రెంచ్ కత్తి (కందకాల్లో పోరుకి చేసింది) పిడికి వేళ్లు దూర్చుకునే కంచు కవచం ఉండేది. చేతులతో కలబడడానికి బాగుండేది కానీ రోజువారీ పనికి అడ్డమే. పోరాటానికీ పనికీ రెండింటికీ నప్పే కత్తిగా 1942లో మెరైన్లు దీన్ని తీసుకున్నారు. కేబార్ అనేది ఒక కంపెనీ బ్రాండు పేరు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కెమిలస్ లాంటి వేరే కంపెనీలు కూడా ఇదే నమూనా చేశాయి. సైనికులకు మాత్రం అన్నీ కేబార్లే.

బ్లేడు 7 అంగుళాలు, మొత్తం పొడవు దాదాపు 12. బ్లేడు మీద పొడుగ్గా ఉండే గాడి రక్తం కారడానికని చాలామంది నమ్ముతారు. అది బరువు తగ్గించడానికి.

ఉక్కు 1095 క్రోవాన్, అంటే కార్బన్ ఎక్కువున్న రకం. సానరాయి మీద పావుగంటలో పదునెక్కుతుంది, ఆ పదును చాలాకాలం నిలుస్తుంది. కానీ ఇది స్టెయిన్‌లెస్ కాదు. మొదటి ఏడాది వానలో తడిసిన కత్తిని తుడవకుండా తోలు ఒరలోనే పెట్టి మర్చిపోయాను. మూడు వారాల తర్వాత తీస్తే, నల్ల పూత ఉన్నచోట ఏమీ కాలేదు. పూత లేని అంచు పొడవునా మాత్రం నారింజరంగు చుక్కలు! కడుపులో దేవినట్టయింది. తప్పు పూర్తిగా నాదే, తోలు తేమను పట్టి ఉంచుతుంది. నూనె రాసి మెత్తటి స్టీల్ ఊలుతో రుద్దితే చుక్కలు పోయాయి కానీ మొన దగ్గర సూదిమొనంత గుంటలు రెండు మిగిలాయి. అప్పట్నుంచీ ఇంట్లో ఉన్నప్పుడు దాన్ని ఒరలో పెట్టను. నూనె గుడ్డలో చుట్టి పెడతాను.

నాకు అన్నిటికంటే ఇష్టం దీని పిడి. తోలు బిళ్లల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, బిగించి, నున్నగా చేసిన పిడి అది. మొదట్లో గోధుమరంగులో ఉండేది. ఇప్పుడు బొటనవేలు ఆనేచోట చింతపండు రంగుకి తిరిగింది. చెమట పట్టినా జారదు. ఏడాదికి రెండుసార్లు కొంచెం మైనం పట్టిస్తాను, లేకపోతే తోలు ఎండి బిళ్లల మధ్య సందులు వస్తాయి. నూనె మాత్రం అతిగా పెట్టకూడదు, తోలు మెత్తబడిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. పిడి లోపలికి వెళ్లే ఉక్కు బ్లేడంత వెడల్పు ఉండదు, సన్నటి కడ్డీలా ఉంటుంది. కత్తి వీపు మీద దుడ్డుతో బాది లావుపాటి దుంగలు చీల్చాలనుకుంటే, పిడి చివరిదాకా ఒకే వెడల్పున్న వేరే కత్తి తీసుకోండి. నేను మణికట్టు మందం కట్టెల వరకే దీంతో చీలుస్తాను. ఎప్పుడూ తడిలో తిరిగేవాళ్లకి సింథటిక్ పిడితో వచ్చే రకం నయం. నాకైతే తోలుదే కావాలి. అన్నయ్య చేతి గుర్తులు కూడా దాని మీదే ఉన్నాయి.