డబుల్ ఓ, ఈఎం, పీ ఫోర్: పట్టాల ఎడంలో ఏది మేలు?

డబుల్ ఓ అనే కొలతలో చేసిన మోడల్ రైలు ఇంజనును పక్కనుంచి చూస్తే వంక పెట్టడానికి ఏమీ కనిపించదు. ఎదురుగా వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, కన్ను పట్టాల ఎత్తుకు తెచ్చి చూడండి. బానపొట్ట మనిషి రెండు పాదాలూ దగ్గరగా పెట్టి నిలబడినట్టు ఉంటుంది. ఒకసారి కంటపడిందంటే ఇక మరుపు రాదు. బ్రిటన్ మోడల్ రైళ్లవాళ్ల మధ్య దశాబ్దాలుగా నలుగుతున్న తగవంతా ఆ పాదాల గురించే.

లెక్క చిన్నదే. అక్కడ అసలు బండిలోని ప్రతి అడుగుకు 4 మిల్లీమీటర్ల చొప్పున నమూనా బండ్లు చేస్తారు. అసలు పట్టాల మధ్య ఎడం 4 అడుగుల 8½ అంగుళాలు కనుక నమూనాలో అది 18.83 మి.మీ. రావాలి. డబుల్ ఓలో ఉన్నది 16.5. అసలు దారిలో ఏడు అంగుళాలు కోసేసినట్టు. ఈ 16.5 నిజానికి అడుగుకు 3.5 మి.మీ. లెక్కన చేసే హెచ్‌ఓ అనే మరో కొలతది. అక్కడ అది సరిగ్గా సరిపోతుంది. బ్రిటన్‌లో వంతెనలు, సొరంగాలు ఇరుకు కావడంతో ఇంజన్లు కూడా సన్నం. హెచ్‌ఓ కొలతలో చేసిన బ్రిటిష్ ఇంజను పొట్టలో ఆనాటి మోటార్లు పట్టలేదు. దాంతో ఒంటిని పెంచి, పట్టాలను ఉన్నట్టే ఉంచేశారు. 1938లో హార్న్‌బీ డబ్లో అనే బొమ్మ రైళ్ల శ్రేణి అదే కొలతతో బజారులోకి వచ్చింది. అలా ఆ పొరపాటే వాడుకగా స్థిరపడింది.

డబుల్ ఓలో సుఖం తెలిసిందే. పొద్దున రైలు సెట్టు కొంటే సాయంత్రానికి బండి తిరుగుతుంది. 438 మి.మీ. వ్యాసార్థపు వంపులోనూ ఇబ్బంది పడదు కనుక నాలుగడుగుల వెడల్పు బల్ల చాలు. దీన్ని తిట్టేవాళ్లలో చాలామందిని బాధించేది ఎడం కాదు, పట్టాల కింద అడ్డంగా ఉండే స్లీపర్లే అని నా అనుమానం. చాలాకాలంగా అందరూ వాడుతున్న మామూలు పట్టాలకు స్లీపర్లు హెచ్‌ఓ లెక్కన ఉంటాయి: పొట్టివి, ఒత్తుగా పేర్చినవి. ఇటీవలి సంవత్సరాల్లో పీకో సంస్థ డబుల్ ఓ కోసమే పాత బ్రిటిష్ తరహా పట్టాలు తెచ్చింది. వాటిలో స్లీపర్లు పొడవు, మధ్య ఖాళీ ఎక్కువ. ఆ రెండు ముక్కలనూ పక్కపక్కన పెట్టి, ఒకే రైలు పెట్టెను రెండింటి మీదా నిలిపి చూశాను. ఎడం రెండింటికీ 16.5 మి.మీ. మాత్రమే. అయినా రెండోదాని మీద పెట్టె బరువుగా, కుదురుగా కనిపించింది. కంటికి కొలబద్ద ఉండదు మరి.

అప్పటికీ మనసు ఊరుకోకపోతే ఈఎం ఉంది. ఎడం 18.2 మి.మీ. ఇంకా 0.63 తక్కువే గాని, ఎదురుగా కూర్చుని చూసినా నాకైతే తెలియలేదు. ఈ కొలతవాళ్లకు 1955 నుంచి సొంత సంఘం ఉంది. సిద్ధం చేసిన పట్టాలు ఇప్పుడు దాని ద్వారా దొరుకుతున్నాయి. చాలా డీజిల్ ఇంజన్లకు చక్రాలు మారిస్తే సరిపోతుంది. బయటి సిలిండర్లున్న ఆవిరి ఇంజన్లతోనే తంటా. చక్రాలు వెడంగా జరిగేసరికి, వాటి పక్కన ఆడే కడ్డీలకు చోటు మిగలదు.

పీ ఫోర్ అంటే రాజీ లేని 18.83. 1960ల్లో పుట్టిన ఈ పద్ధతిలో ఎడంతో పాటు చక్రం కూడా అసలు కొలతకు తగ్గట్టే ఉండాలి. మామూలు చక్రం వెడల్పు దాదాపు 2.8 మి.మీ. అయితే దీనిది 2 మి.మీ. మాత్రమే. దారి చీలేచోట డబుల్ ఓ చక్రం సందులో పడి ‘టక్’మని లేస్తుంది, చక్కగా చేసిన పీ ఫోర్ బండి అదే చోట జారినట్టు సాగిపోతుంది. ఆ నిశ్శబ్దం కోసమే కొందరు ఏళ్లు వెచ్చిస్తారు. చక్రపు అంచు అంత పలచన కావడంతో ప్రతి ఇరుసూ విడిగా పైకీ కిందికీ ఆడేలా స్ప్రింగులో మీటలో అమర్చాలి. బల్ల చెక్క ఉబ్బి కాస్త వంగినా బండి పట్టాలు తప్పవచ్చు. ‘మీది బొమ్మలాట’ అని పీ ఫోర్ వాళ్లు, ‘మీ రైళ్లు కదిలితే కదా’ అని డబుల్ ఓ వాళ్లు. చేతిలో ఆకురాయి ఉంటే పండుగ చేసుకునే మనిషికి తప్ప పీ ఫోర్ వద్దంటాను.

నన్నడిగితే పిల్లలున్న ఇంటికి, ఇరుకు గదికి కొత్త పట్టాల మీద డబుల్ ఓ. ఎదుటి చూపు నిద్ర పట్టనివ్వని వారికి ఈఎం.

ఇంత తీర్పు చెబుతున్న నా బల్ల మీద ఉన్నది హెచ్‌ఓ కొలతలో మన రైల్వే డీజిల్ ఇంజను డబ్ల్యూడీఎం-2. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ.; ఆ లెక్కన పట్టాల ఎడం 19.25 రావాలి. నేను వేసింది బజారులో దొరికే 16.5. బ్రిటన్‌వాళ్లకు నూటికి పన్నెండు పాళ్లు తగ్గితే నాకు పద్నాలుగు. సరైన ఎడం కావాలంటే స్లీపర్లతో సహా చేత్తో వేసుకోవాలి. అంత ఓపిక లేదు. ఇంటికి వచ్చినవాళ్లు రంగు చూస్తారు, హారన్ వింటారు, ఎడం మాట ఎత్తరు. ఫోటో మాత్రం ఎప్పుడూ పక్కనుంచే తీస్తాను.