బెబెన్‌హౌజెన్‌లో ఆగిపోయిన 349 యూరోలు

జర్మనీలోని బోబ్లింగెన్‌లో కాపురముంటున్న మా అమ్మాయి దగ్గర ఆరు వారాలు ఉండి వచ్చాము. అక్కడి శుభ్రత గురించీ, రైళ్ల గురించీ వెళ్లివచ్చినవారందరూ చెబుతూనే ఉంటారు కనుక నేను వాటి జోలికి పోవడం లేదు. నేను రాయదలచినది ఒకే మోడలుకు చెందిన రెండు పాత కార్ల గురించి. ఒకదానికి 349 యూరోలు అద్దె కట్టి తల బొప్పి కట్టించుకున్నాము. రెండోదాన్ని పైసా ఖర్చు లేకుండా, కావలసినంతసేపు, కళ్లారా చూశాము.

ఆర్టీసీ డిపో గ్యారేజీలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసిన మనిషిని. పుట్టినరోజుకు ఏం కావాలని మా అల్లుడు అడిగితే, 1950ల నాటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు మెర్సిడెస్ 190 ఎస్‌ఎల్‌ను ఒకసారి దగ్గరగా చూడాలని ఉందన్నాను. "చూడడమెందుకు మామయ్యగారూ, ఎక్కే తిరుగుదాం" అని అతను వెంటనే ఒక అద్దె కంపెనీలో బుక్ చేశాడు. నాలుగు గంటలకు 349 యూరోలు, 100 కిలోమీటర్లు దాటితే కిలోమీటరుకు యూరోన్నర, ఆపైన కార్డు మీద 1,500 యూరోల డిపాజిట్. రెండు సీట్ల బండి కనుక మేమిద్దరం అందులోనూ, మా ఆవిడా అమ్మాయీ పులిహోర డబ్బాతో వెనక వాళ్ల కారులోనూ బయలుదేరాము. వేరే కారులో కూర్చోబెట్టినందుకు మా ఆవిడ పొద్దుటే ముభావంగా ఉంది.

కారు వెండి రంగులో, ఎర్రని సీట్లతో, అద్దంలా మెరుస్తోంది. నాకు మొదటి అనుమానం వాసనతో వచ్చింది. అరవై ఏళ్లు దాటిన కారు కొత్త రెక్సిను వాసన కొట్టదు. బానెట్ ఎత్తి చూపించమన్నాను. కౌంటర్‌లోని యువకుడు ఒప్పందంలో ఏడో అంశం మీద వేలు పెట్టాడు: కారు తీసుకున్నవారు బానెట్ ముట్టుకోరాదు.

షోన్‌బుఖ్ అడవి మధ్యగా ట్యూబింగెన్ వైపు పోయే దారి మాత్రం ఎంత పొగిడినా తీరదు. టాపు దించి, గంటకు డెబ్భై మించకుండా వెళుతుంటే చెట్ల నీడా ఎండా మార్చి మార్చి ముఖం మీద పడుతున్నాయి. అడవి దాటాక బెబెన్‌హౌజెన్ వస్తుంది. పన్నెండో శతాబ్దం చివర కట్టిన సిస్టెర్షియన్ అనే క్రైస్తవ సన్యాసుల శాఖ మఠం అక్కడ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత కొన్నేళ్లపాటు, 1952 వరకూ, ఆ ప్రాంతపు శాసనసభ కూడా అందులోనే నడిచింది. అరగంట చూసి వచ్చి తాళం తిప్పితే కారు స్టార్ట్ కాలేదు.

నాకు జబ్బు తెలుసు. ఎండలో నడిచి ఆగిన ఇంజనులో ఎగ్జాస్టు వేడి, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బురేటర్ల దాకా ఎగబాకి లోపలి పెట్రోలును మరిగిస్తుంది. స్టార్టర్ తిప్పుతూ యాక్సిలరేటర్‌ను ఊరికే పంపు కొడితే అది ఇంకా ముంచేస్తుంది. బానెట్ ఎత్తి ఇరవై నిమిషాలు చల్లారనిచ్చి, పెడలు పూర్తిగా తొక్కిపట్టి తిప్పితే చాలు. ఇదంతా మా అల్లుడు జర్మన్‌లో ఫోన్‌లో వివరిస్తే, అవతలి మనిషి మళ్లీ ఏడో అంశమే చదివాడు. మెకానిక్ వచ్చేదాకా రెండు గంటల పది నిమిషాలు మఠం గోడ పక్కన కూర్చున్నాము. మా ఆవిడ పులిహోర పంచుతూ, "డిపోలో ఇన్నేళ్లు చాలక ఇక్కడికొచ్చి కూడా బ్రేక్‌డౌనేనా" అన్నది. నవ్వాలో బాధపడాలో తెలియలేదు. వచ్చిన కుర్రవాడు బానెట్ ఎత్తగానే లోపల వెబర్ అనే వేరే తయారీ కార్బురేటర్లు కనిపించాయి. అవి చెడ్డవని కాదు; 190 ఎస్‌ఎల్‌కు కంపెనీ అమర్చిన జంట సోలెక్స్ కార్బురేటర్లు అరిగితే సర్దుబాటుకు లొంగవు కనుక చాలామంది విసిగి వెబర్లు బిగించుకుంటారు. కానీ 'అసలైన 1950ల అనుభవం' అని ప్రకటించి డబ్బు తీసుకున్నవారు ఆ మాట ముందే చెప్పాలి కదా.

ఆ కారు ఎందుకు పుట్టిందో తెలిస్తే నా కోపం అర్థమవుతుంది. న్యూయార్క్‌లో యూరప్ కార్లు దిగుమతి చేసే మాక్స్ హాఫ్‌మన్ అమెరికాలో అమ్మడానికి స్పోర్ట్స్ కార్లు కావాలని 1953లో కంపెనీ మీద ఒత్తిడి తెచ్చాడు. నెలల వ్యవధిలోనే, 1954 ఫిబ్రవరిలో, న్యూయార్క్ ప్రదర్శనలో 300 ఎస్‌ఎల్, 190 ఎస్‌ఎల్ పక్కపక్కన నిలిచాయి. చూపులకు అన్నదమ్ములే గానీ ఎముకలు వేరు. 300 ఎస్‌ఎల్‌ది గొట్టాలతో అల్లిన రేసు చట్రం, ఆరు సిలిండర్లు. 190 ఎస్‌ఎల్ కిందనున్నది 180 అనే సంసారపక్షపు సెడాన్ తాలూకు నేల, ఇరుసుల మధ్య దూరాన్ని 2,650 మిల్లీమీటర్ల నుంచి 2,400కు కుదించినది. ఇంజను 1,897 సీసీ, నాలుగు సిలిండర్లు, 105 హార్స్‌పవర్. ఆ రోజుల్లో 300 ఎస్‌ఎల్ ధర 29,000 మార్కులైతే 190 ఎస్‌ఎల్ ధర 16,500. ప్రదర్శనలో పెట్టిన నమూనాను మళ్లీ దిద్ది, 1955లో ఉత్పత్తి మొదలుపెట్టి, 1963 వరకు 25,881 కార్లు చేశారు. రేసు గెలవడానికి కాదు, షికారుకు తీరిగ్గా పోవడానికి చేసిన కారిది. దాని పరువంతా పనితనంలోనే ఉన్నది. ఆ పనితనాన్ని పీకేసి మెరుపు మిగిలిస్తే ఇక అద్దెకిచ్చేదేమిటి?

మరుసటి వారం ష్టుట్‌గార్ట్‌లోని మెర్సిడెస్ మ్యూజియానికి వెళ్లాము. మా ఇద్దరికీ టికెట్టు 32 యూరోలు. బోబ్లింగెన్ నుంచి ఎస్1 రైలు ఎక్కితే మారకుండా నెకార్‌పార్క్ స్టేషన్‌లో దిగవచ్చు. లిఫ్టులో పై అంతస్తుకు పోయి, 1886 నాటి మూడు చక్రాల బండి దగ్గర మొదలుపెట్టి, మెలికలు తిరిగిన వాలు మీద నేటి కాలానికి దిగి వస్తాము. పూర్తిగా ఒక రోజు కేటాయించండి. సోమవారం మూసి ఉంటుంది. అక్కడి కార్లన్నీ నలిగిన గుర్తు లేనంత అందంగా ఉంటాయి, చేయి తగలనివ్వరు. పాదాలు నొప్పి పుట్టి మా ఆవిడ మూడో అంతస్తులో బెంచీ మీదే ఉండిపోయింది. సాయంత్రం ఊళ్లో తిన్న కేజెష్పెట్స్లె మాత్రం ఆవిడకు తెగ నచ్చింది: గుడ్డు కలిపిన పిండిని చిన్న ముక్కలుగా ఉడికించి, కరిగిన చీజ్‌తో పొరలుగా పేర్చి, పైన ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు చల్లిన వంటకం, ప్లేటు 14 యూరోల 50 సెంట్లు. గుడ్డు తినేవారికి శాకాహారంలో ఇంతకంటే కడుపు నింపేది ఆ ప్రాంతంలో మాకు దొరకలేదు.

అసలు సంతోషం ఇంటికి నడక దూరంలోనే ఉందని ఎవరూ చెప్పలేదు. బోబ్లింగెన్ పాత విమానాశ్రయం స్థలంలో మోటార్‌వర్ల్డ్ అనే చోటు ఉంది. కొందరు యజమానులు తమ పాత కార్లను అక్కడి గాజు గదుల్లో అద్దెకు ఉంచుకుంటారు, ఎవరైనా ఊరికే తిరిగి చూడవచ్చు. ఒక శనివారం పొద్దున ఒక పెద్దాయన గాజు తలుపు తెరిచి తన 190 ఎస్‌ఎల్‌ను బయటికి తీయబోతున్నాడు. నేను అదే పనిగా చూడడం గమనించి, అల్లుడి ద్వారా నా పని ఏమిటో తెలుసుకుని, తానే బానెట్ ఎత్తాడు. సోలెక్స్ జంట అలాగే ఉంది. అల్యూమినియం మూత అడుగున కొట్టిన చిన్న అంకెలనూ, చట్రం దగ్గరి పలకనూ పక్కపక్కన చూపించి, ఏ భాగమూ మారలేదని వేలితో చెప్పాడు. డ్రైవర్ సీటు తోలు ఎడమ అంచు, మనిషి దిగేచోట, అరచేయంత మేర రంగు పోయి నున్నబడింది. దంతపు రంగు స్టీరింగ్ చక్రం మీద వెంట్రుకంత పగుళ్లు. చక్రాల మీది కనుబొమ్మలాంటి క్రోము పట్టీ ఒకచోట కాస్త మసకబారింది. ఏదీ కొత్తది కాదు, ఏదీ చెడలేదు. ఈ కారును తయారుచేసిన జిండెల్‌ఫింగెన్ ఫ్యాక్టరీ పక్క ఊళ్లోనే ఉంది. అరవై ఏళ్లలో అది ఎంత దూరం తిరిగిందో గానీ, పుట్టింటి గడప దగ్గరే నిలబడి ఉంది.

నంబరు పలక చివర హెచ్ అక్షరం ఉంది. ముప్ఫై ఏళ్లు నిండి, అసలు రూపంలో బాగా నిలిచిన వాహనాలకే దాన్ని ఇస్తారు, ఏడాదికి పన్ను 191 యూరోల 73 సెంట్లు మాత్రమే. ఆయన చోక్ లాగి స్టార్ట్ చేస్తే ఇంజను ఒకసారి దగ్గి, తరువాత కుట్టుమిషనులా నడిచింది. మా ఆవిడను లోపల కూర్చోమని తానే తలుపు పట్టుకున్నాడు. ఆవిడ చెప్పులు బయటే విడిచి ఎక్కింది.

పాత కారు అద్దెకు తీసుకునేవారికి నా సలహా: బానెట్ ఎత్తి చూపనిచోట డబ్బు కట్టవద్దు, ఒప్పందం అనువాదం చేయించుకోకుండా సంతకం పెట్టవద్దు, ఎండకాలంలో మధ్యాహ్నం బండి తీసుకోవద్దు. మా డిపాజిట్‌లోంచి 'తప్పుగా స్టార్ట్ చేసినందుకు' అని 180 యూరోలు కోశారు. రెండు ఉత్తరాలు రాశాక 95 తిరిగి వచ్చాయి. మిగిలిన 85 కోసం మూడో ఉత్తరం మా అల్లుడు నిన్న పంపాడు; కార్బురేటర్ల ఫోటో ఈసారి దానికి జతచేయించాను.