బయానా ఇచ్చే ముందు బాత్రూం కింది బీము చూడండి

హనుమకొండ, కాజీపేట వైపు కొత్త ఫ్లాటు కొనేవాళ్లు ఫాల్స్ సీలింగ్ పడకముందే వెళ్లి చూడండి. ఇక్కడ ఒక అపార్ట్‌మెంటులో కమోడ్ పైపు కోసం 15 అంగుళాల లోతున్న బీముకు, కాలమ్‌కు జానెడు దూరంలో, కోర్ కటింగ్ మిషన్‌తో 5 అంగుళాల రంధ్రం కొట్టారు. చుట్టూ సిమెంటు రుద్ది పుట్టీ పెట్టేశారు. సీలింగ్ వేస్తే ఇక ఎవరికీ కనబడదు.

కాలమ్ దగ్గర బీము మీద షియర్ (బీమును అడ్డంగా కోసేలా పనిచేసే బలం) ఎక్కువ. అందుకే అక్కడ రింగులు (మెయిన్ రాడ్ల చుట్టూ కట్టే సన్న రాడ్లు) దగ్గరగా, సుమారు 4 అంగుళాలకొకటి కడతారు. 110 ఎంఎం కమోడ్ పైపు పట్టే రంధ్రం కొడితే కనీసం ఒక రింగు రెండు వైపులా తెగుతుంది. అప్పుడు బీముకు ఏటవాలు పగులు వచ్చే ప్రమాదం ఉంది. బీము మధ్యలో అయితే కింది మెయిన్ రాడ్లే లాగుడును మోస్తాయి. వాటి కింద ఉండే కాంక్రీటు ఒక అంగుళమే. కరెంటు పైపు కోసం అక్కడ గాడి కొట్టినా రాడ్డు బయటపడి తుప్పు పడుతుంది. తెగిన రాడ్డును ఏ సిమెంటూ అతికించదు. "గ్రౌటింగ్ (సిమెంటు పాలు నింపడం) చేసినం, ఏం కాదు" అని మేస్త్రీ చెబితే నమ్మొద్దు.

పైపు బీములోంచి పోక తప్పదనుకుంటే అది కాంక్రీటు పోయకముందే తేలాలి. స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పిన చోట, కాలమ్‌కు దూరంగా, బీము లోతులో మధ్య భాగంలో స్లీవ్ (పైపు దూరే గొట్టం) పెట్టి, అటూ ఇటూ అదనపు రింగులు కట్టాలి. అంతకన్నా మంచిది, సంకెన్ స్లాబులోనే (బాత్రూం కోసం కిందికి దించి పోసిన స్లాబు) పైపును డక్టు (పైపులు దిగే ఖాళీ) వైపు తిప్పడం, లేదా బీము కిందుగా తీసుకెళ్లడం. కాస్త సీలింగ్ ఎత్తు పోతుంది, అంతే. స్లాబులో రాడ్ల మధ్య పడే అంగుళం రంధ్రానికి ఇంత భయం అక్కర్లేదు.

టార్చి పట్టుకుని బాత్రూం, వంటగది కింద చూడండి. రంగు తేడా ఉన్న గుండ్రటి మచ్చ, చిన్న సుత్తితో తడితే డొల్ల శబ్దం, ఏటవాలు సన్న పగులు, చెమ్మ కనబడితే బయానా ఆపి స్ట్రక్చరల్ డ్రాయింగ్ అడగండి. రిపేరు అంటే ముందు జాకీలు పెట్టి బరువు దించి, ఇంజనీరు డిజైన్ ప్రకారం స్టీలు ప్లేట్లు బిగించడమో, జాకెటింగో (బీము చుట్టూ అదనపు రాడ్లు, కాంక్రీటు తొడగడం) చేయాలి. మేస్త్రీ అంచనాతో అయ్యే పని కాదు.

ఇప్పటికే కొన్నవాళ్లు ఆలస్యం చేయకండి. రెరా చట్టం (ఇళ్లు, ఫ్లాట్లు కొనేవాళ్ల రక్షణ కోసం తెచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం) సెక్షన్ 14(3) ప్రకారం, స్వాధీనం ఇచ్చిన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం చూపిస్తే బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. రంధ్రం పక్కన టేపు పట్టి ఫొటో తీసి, ఫోన్లో చెప్పి ఊరుకోకుండా, బిల్డర్‌కు రాసి స్పీడ్ పోస్టులో పంపండి.